బ్లాక్‌పూల్‌లో ఒక్క రోజు: డబ్బు టవర్‌కు పెట్టాలా, ప్లెజర్ బీచ్‌కు పెట్టాలా?

బోల్టన్ వాసి:
గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను, పద్నాలుగేళ్ల అబ్బాయిని, ఆరేళ్ల పాపను వెంటబెట్టుకుని సెప్టెంబరులో ఒక శనివారం ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని బ్లాక్‌పూల్ వెళ్లాలనుకుంటున్నాము. రోలర్ కోస్టర్లుండే ప్లెజర్ బీచ్ పార్కుకు అందరికీ టికెట్లు కొంటే ఆ రోజుకు మరి దేనికీ డబ్బూ మిగలదు, సమయమూ మిగలదు. టవర్ మాట ఎత్తితే అబ్బాయి మొహం ముడుచుకుంటున్నాడు. ఆ ఊరే దండగ, కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లండని బంధువులు ఒకరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా చెప్పగలరు.

ఉప్పుగాలి:
పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి నా ఓటు టవర్‌కే, అయితే పైకెక్కి సముద్రాన్ని చూడడం కోసం కాదు. 1889లో పారిస్ ప్రదర్శనకు వెళ్లి ఐఫెల్ టవర్‌ను చూసి ముచ్చటపడిన జాన్ బికర్‌స్టాఫ్ అనే బ్లాక్‌పూల్ పెద్దమనిషి పట్టుబట్టగా 158 మీటర్ల ఈ ఉక్కు కట్టడం లేచిందని, 1894 మే 14న దీన్ని తెరిచారని ఏ కరపత్రం తిరగేసినా ఉంటుంది. అసలు చూడవలసినది దాని కింది భవనంలో ఉన్న బాల్‌రూమ్. ఫ్రాంక్ మాచమ్ రూపకల్పన చేయగా 1899లో తెరిచిన ఆ నృత్యశాల నేలను మహోగని, ఓక్, వాల్‌నట్ చెక్క ముక్కలు 30,602 కూర్చి పరిచారు. 1956లో నిప్పంటుకుని పాడైనా, మళ్లీ పాత రూపంలోనే నిలబెట్టారు. వేదిక మీద నేల తెరుచుకుని, వాయిస్తున్న మనిషితో సహా వుర్లిట్జర్ ఆర్గాన్ అనే పెద్ద వాద్యం పైకి లేస్తుంది. 1930 నుంచి 1970 దాకా అక్కడ ఆర్గాన్ ముందు కూర్చున్న రెజినాల్డ్ డిక్సన్ పేరు ఇక్కడి పాతతరం వారందరికీ తెలుసు. టీ, కేకు తెప్పించుకుని ఒక పక్కన కూర్చుంటే, డెబ్బై దాటిన దంపతులు అడుగు తడబడకుండా వాల్ట్జ్ చేస్తూ మన బల్ల పక్క నుంచే సాగిపోతారు. మగవారు స్త్రీతో తప్ప నాట్యం చేయరాదన్న నిబంధన కూడా ఒకప్పుడు అక్కడ ఉండేది.

ఇంకొక సంగతి. ఈ ఊరిని పెంచినది మీరు ఉంటున్న బోల్టన్ వంటి ఊళ్ల నూలు మిల్లుల కార్మికులు. 1846లో రైలు వచ్చిన తరువాత, ఒక్కొక్క ఊరి మిల్లులు ఒక్కొక్క వారం వంతున మూతపడితే, ఆ వారం ఆ ఊరు ఊరంతా ఇక్కడికి తరలివచ్చేది. కూలివాడికి రాజభవనం వంటి గదిలో నాట్యం చేసే అవకాశం ఇవ్వాలన్న ఆలోచన మరొక చోట ఇంత ఘనంగా కనబడదు. రోలర్ కోస్టర్లంటారా, అవి ఆల్టన్ టవర్స్ అనే పార్కులోనూ ఉన్నాయి.

చెక్కపట్టాలు:
బాల్‌రూమ్ గొప్పదనాన్ని నేను కాదనను. కానీ కోస్టర్లను ఎక్కడైనా దొరికే సరుకుగా తీసిపారేయడం సరికాదు, ఎందుకంటే 1896లో మొదలైన ప్లెజర్ బీచ్ కూడా ఆ కార్మికుల కోసం పెరిగినదే, చరిత్ర విషయంలో అది టవర్‌కు ఏమీ తీసిపోదు. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్, విమానయాన ప్రయోగాల మోజులో ఉన్న కాలంలో రూపొందించిన ‘ఫ్లయింగ్ మెషిన్’ 1904 నుంచి అక్కడ తిరుగుతూనే ఉంది. మీ ఆరేళ్ల పాపను అడిగితే దాని వయసుతో ఆమెకు పని లేదు, గాలిలో తిరిగితే చాలు. 1935 నాటి గ్రాండ్ నేషనల్ అనే చెక్క కోస్టర్‌లో రెండు బండ్లు పక్కపక్కనే పందెం వేసుకుంటూ బయలుదేరుతాయి. ఎడమ వైపు నుంచి బయలుదేరిన బండి తిరిగి వచ్చేసరికి కుడి వైపు ఆగుతుంది, ఎందుకంటే రెండుగా కనబడే ఆ పట్టాలు నిజానికి తెగకుండా చుట్టుకున్న ఒకే దారి. లెక్కలు చదివే పద్నాలుగేళ్ల కుర్రాడికి దిగిన తరువాత ఆ చిక్కుముడి విప్పుకోవడమే ఒక ఆట. 1994లో వచ్చిన బిగ్ వన్ అప్పట్లో ప్రపంచంలోనే ఎత్తయిన రోలర్ కోస్టర్.

లోపాలూ ఉన్నాయి. పూర్వం లోపలికి ఊరికే పోనిచ్చి ఏ రైడ్‌కు ఆ రైడ్ డబ్బు తీసుకునేవారు. 2009 నుంచి లోపలికి అడుగుపెట్టడానికే రుసుము పెట్టారు. బెంచీ మీద కూర్చుని మనవలను చూసుకోవాలనుకునే తాతలకు ఆ మార్పు వల్ల అన్యాయమే జరిగింది. గాలి ఎక్కువగా వీస్తే పెద్ద కోస్టర్లను ఆపేస్తారు కూడా. అందుచేత ఇంటిల్లిపాదీ ఒకే చోటికి వెళ్లాలన్న పట్టుదల వదులుకోండి. అబ్బాయి, మీరు పార్కుకు వెళ్లండి, మిగిలినవారు ట్రామ్ ఎక్కి టవర్‌కు వెళ్లవచ్చు.

ఫైల్డ్ మనిషి:
నేను ఈ చుట్టుపక్కలే ఉంటున్నాను. ఇద్దరి వాదనా టికెట్టు చుట్టూనే తిరుగుతోంది, ఆ ఊరిలో మంచివి చాలావరకు టికెట్టు లేనివి. 1885లో మొదలైన ట్రామ్ దారి వెంట, చార్జీ మాత్రమే పెట్టుకుని, ఫ్లీట్‌వుడ్ దాకా సముద్రాన్ని చూస్తూ పోవచ్చు. సముద్రంలోకి కట్టిన 1863 నాటి వంతెన, నార్త్ పియర్ మీద నడవవచ్చు. టవర్ ఎదుట హాస్యనటుల మాటలను నేలలో పొదిగిన ‘కామెడీ కార్పెట్’ మాత్రం బ్రిటిష్ టీవీ హాస్యంతో పరిచయం లేని మీ అమ్మానాన్నలకు ఉత్త అక్షరాలుగానే కనబడుతుంది, దానికి సమయం కేటాయించకండి. పాపను గాడిద ఎక్కించాలంటే శనివారం మంచిదే. ఇక్కడి గాడిదలకు శుక్రవారం సెలవు, రోజూ మధ్యాహ్నం గంట విశ్రాంతి, అంతా నిబంధనల ప్రకారమే. వెళ్లే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. విశాఖలో ఏ వేళ వెళ్లినా ఇసుక ఉంటుంది. ఇక్కడ పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు గోడ దాకా వచ్చి ఇసుకే మిగలదు.

సెప్టెంబరు కాబట్టి రాత్రిళ్లు తీరం వెంట వెలిగే దీపాలంకరణను వదులుకోవద్దు. 1879లో ఎనిమిది ఆర్క్ దీపాలతో మొదలైనది ఇప్పుడు దాదాపు పది కిలోమీటర్ల పొడవున వెలుగుతుంది, చూడడానికి పైసా అక్కరలేదు. ఉదయమే వచ్చి సాయంత్రానికి అలసిపోయి వెళ్లేవారు దీన్నే పోగొట్టుకుంటారు. మధ్యాహ్నం బయలుదేరి రండి.

ఊరు దండగ అన్న మీ బంధువుకు కూడా ఒక మాట. 2019 లెక్కల్లో ఇంగ్లండ్‌లోని అత్యంత వెనుకబడిన పది పేటల్లో ఎనిమిది బ్లాక్‌పూల్‌లోనే ఉన్నాయి. జనం స్పెయిన్ వంటి చోట్లకు విమానాలెక్కడం మొదలుపెట్టాక ఖాళీ అయిన చిన్న లాడ్జీలు ఒంటి గదుల అద్దెకొంపలయ్యాయి. తీరం వెంట తళుకు, రెండు వీధులు లోపలికి నడిస్తే వెలిసిన గోడలు, రెండూ నిజమే. అందుకే మీరు పెట్టే డబ్బు ఎవరికి చేరుతుందో కూడా ఆలోచించమంటాను.

ఉప్పుగాలి:
ఆ లెక్కన కూడా నా మాటే నిలుస్తుంది. టవర్‌ను, వింటర్ గార్డెన్స్ అనే వినోదశాలల భవనాన్ని 2010లో బ్లాక్‌పూల్ కౌన్సిల్ కొన్నది. నడిపే బాధ్యత వేరే సంస్థకు ఇచ్చినా ఆస్తి ఊరిదే. ప్లెజర్ బీచ్ ఒక కుటుంబ సంస్థది.

చెక్కపట్టాలు:
ఆస్తి ఎవరి పేరున ఉందన్నది ఒక్కటే కొలమానమైతే, ఆ కుటుంబ సంస్థలో జీతం తీసుకునే స్థానికుల సంగతి ఏమిటి? ఫైల్డ్ మనిషి గారు చెప్పిన ఉచిత కార్యక్రమంలోనైతే ఊరికి చేరేది ట్రామ్ చార్జీ, చిప్స్ పొట్లం ధర మాత్రమే. పైగా దీపాల ఖర్చు కౌన్సిల్ నెత్తి మీద ఉంది, కాబట్టి అక్కడ చందా డబ్బా కనబడితే చూడనట్టు పోవద్దు.

బోల్టన్ వాసి గారికి ఒక హెచ్చరిక: పోటీలకు, చిత్రీకరణలకు బాల్‌రూమ్‌ను కేటాయించిన రోజుల్లో మామూలు సందర్శకులను అనుమతించరు. టికెట్లు కొనే ముందే మీ శనివారానికి అది తెరిచి ఉంటుందో లేదో తెలుసుకోండి. మూసి ఉంటే టవర్ వాదన సగం వీగిపోయినట్టే, ఎందుకంటే అప్పుడు మిగిలేది లిఫ్టులో పైకి పోవడం, సర్కస్. గాలి ఎక్కువగా ఉంటే పైభాగాన్నీ మూసేస్తారు.

ఉప్పుగాలి:
సర్కస్‌ను అంత తేలికగా తీసేయకండి. టవర్ నాలుగు కాళ్ల నడుమ ఉన్న ఆ బరిలో చివరి అంకానికి నేల కిందికి దిగి నీళ్లతో నిండుతుంది, ఆరేళ్ల పాప ఉన్న ఇంటికి అంతకంటే ఏం కావాలి? తేదీ చూసుకోవాలన్న మాటతో మాత్రం ఏకీభవిస్తున్నాను.