కార్క్‌లో పుట్టిన మా బాబుకు ఐరిష్ పేరు పెట్టవచ్చా?

కడప_కార్క్:
మేము కొన్నేళ్లుగా ఐర్లండ్‌లోని కార్క్‌లో ఉంటున్నాము. మాకు ఈమధ్యనే బాబు పుట్టాడు, రోహిణీ నక్షత్రం. పుట్టిన నేలకు చెందిన పేరు వాడికి ఉండాలని నేనూ నా భార్యా ‘ఓషీన్’ (Oisín) అనుకున్నాము. అది ఐరిష్ గాథల్లోని వీరుడు ఫిన్ మకూల్ కొడుకు పేరు. తల్లి సైవ్ మంత్రప్రభావం వల్ల లేడిగా మారిందని కథ; పేరుకు అర్థం కూడా జింకపిల్ల అనే. ఇక్కడ మూడు నెలల్లోగా జననం నమోదు చేయించాలి. ఈ పేరు పుట్టుపూర్వోత్తరాలు ఎరిగినవారు మంచిచెడ్డలు చెప్పగలరు.

పంచాంగం_ప్రియుడు:
రోహిణికి వచ్చే అక్షరాలు ఓ, వా, వీ, వూ. నేను డబ్లిన్‌లో విన్నది ‘ఉషీన్’. ఉ అనేది కృత్తిక మూడో పాదానిది. కనుక కుదరదు.

లిమరిక్_వాణి:
ఈ పేరును కొందరు ‘ఒషీన్’ అని, కొందరు ‘ఉషీన్’ అని పలుకుతారు. రాతలో మాత్రం మొదటి అక్షరం ‘ఓ’నే. ఐరిష్‌లో ‘ఎస్’ పక్కన ‘ఐ’ ఉంటే ‘ష’ అని పలుకుతారు కాబట్టి ఇందులోని మొదటి ‘ఐ’కి సొంత ఉచ్చారణ లేదు. రెండో ‘ఐ’ నెత్తిన ఉండే వాలుగీత పేరు ఫాడా, అది మన దీర్ఘం పనే చేస్తుంది. దాన్ని వదిలేయకూడదు: ‘షాన్’ (Seán) అనే పేరులో ఆ గీత తీసేస్తే ముసలి అనే అర్థమున్న మాట మిగులుతుంది.

ఇక్కడి పేర్లన్నీ ప్రాచీనమైనవి కావని కూడా గమనించండి. స్వేచ్ఛ అనే అర్థమున్న ‘సీర్షా’ 20వ శతాబ్దంలో గానీ ఆడపిల్లల పేరు కాలేదు. ‘షాన్’ మధ్యయుగంలో ఈ దేశం మీదికి దండెత్తిన నార్మన్ల వెంట వచ్చిన పేరు. ఓషీన్ అలా కాదు, జింకను చెప్పే పాత ఐరిష్ మాటకు ముద్దుగా చేర్చే ‘ఈన్’ తగిలి ఏర్పడింది. పెడితే ఫాడాతో సహా పెట్టండి.

గాల్వే_గృహిణి:
2021లో ఇక్కడ ఆడపిల్లలకు అన్నిటికన్నా ఎక్కువగా పెట్టిన ‘ఫీయా’ కూడా జింకకు సంబంధించిన పేరే.

పంచాంగం_ప్రియుడు:
నక్షత్రాక్షరం చూసేది చెవికి వినబడే ధ్వనిని బట్టి, రాతను బట్టి కాదు. వాణి గారు నా ప్రశ్నకు సమాధానం చెప్పలేదు.

నెల్లూరు_పెద్దాయన:
నాయనా, ఆ కథ చివరిదాకా చదివావా? ఓషీన్ నీవ్ అనే కన్య వెంట ఆమె ఉండే నిత్యయౌవన లోకం తీర్ న నోగ్‌కు వెళ్లి, మూడేళ్లే గడిచాయనుకుని తిరిగి వస్తే ఇక్కడ మూడు వందల ఏళ్లు గడిచిపోయి అయినవాళ్లెవరూ మిగల్లేదు. గుర్రం మీద నుంచి నేలను తాకగానే వాడు ముసలివాడైపోయాడు. పరదేశంలో పుట్టిన బిడ్డకు ఏరికోరి పెట్టే పేరా ఇది? మా పెద్ద మనవడికీ ఇటువంటి పేరే పెట్టారు. వీడియో కాల్‌లో నేను నోరారా పిలిస్తే వాడు పకపకా నవ్వి, “అలా కాదు తాతా” అని దిద్దుతాడు. అందరూ నవ్వుతారు. నేను ఫోను మా ఆవిడకు ఇచ్చేస్తాను.

లిమరిక్_వాణి:
మీ బాధ అర్థమవుతుంది గానీ, అందుకు ఆ పేరును నిందించడం అన్యాయం. మా అమ్మాయి పేరు అచ్చ తెలుగుది. బడిలో టీచరు పలకలేక దాన్ని సగానికి కోసేసింది, ఇప్పుడు ఇంట్లో కూడా అది ఆ సగం పేరుకే పలుకుతుంది. ఈ దేశంవాళ్లకు ఇదే జరిగింది: ఇంగ్లీషు రిజిస్టర్లలో టైగ్ తిమోతి అయ్యాడు, డియర్మిడ్ జెరెమయా అయ్యాడు, గ్రోన్యా గ్రేస్ అయింది. అటువంటి పేరును నేర్చుకుని సరిగ్గా పలకడం మనకు చిన్నతనమా?

నెల్లూరు_పెద్దాయన:
పలకడం రాక కాదమ్మా నా ఏడుపు. పేరు పెట్టేముందు నన్ను ఒక్క మాట అడగలేదు. ఇతను కూడా లోకాన్నంతా అడుగుతున్నాడు, తండ్రిని అడిగాడా?

కడప_కార్క్:
అడిగాను గనుకనే ఇక్కడికి వచ్చాను. మా నాన్న తన తండ్రి ఓబులేశు పేరు పెట్టమంటున్నారు, లేకపోతే బారసాలకు రానంటున్నారు. మా తాత మీద నాకు ప్రేమ లేక కాదు. నా కొడుకు పేరు నిర్ణయించే హక్కు నాకూ నా భార్యకూ ఉందా లేదా అన్నదే మా ఇంట్లో అసలు తగాదా.

పంచాంగం_ప్రియుడు:
ఓబులేశు. ఓ. రోహిణికి సరిపోయింది.

లిమరిక్_వాణి:
నక్షత్రం సంగతి అలా ఉంచండి. కడప గారూ, మీరు ఐరిష్ సంప్రదాయం మీద గౌరవంతో పేరు ఎంచుకుంటున్నారు కాబట్టి ఇదీ తెలుసుకోండి: ఈ దేశంలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం తరతరాల ఆనవాయితీ. మీ నాన్నగారు బాబుకు ముత్తాత పేరు అడుగుతున్నారు, మీరు మీ నాన్నగారి పేరే పెట్టినా ఇక్కడివాళ్లు వింతగా చూడరు. ఓషీన్ వద్దని నేను అనను. ఆ పేరు పక్కనే ఓబులేశును కూడా నమోదు చేయించవచ్చు కదా?

కడప_కార్క్:
రెండు పేర్లకూ మేము ఒప్పుకున్నాము. ఏది ముందు రాయాలన్న దగ్గరే ఆగిపోయింది. నాన్న ఓబులేశే ముందుండాలంటున్నారు, నా భార్య ససేమిరా అంటోంది.

నెల్లూరు_పెద్దాయన:
ఏది ముందు రాసినా, ఫోనులో బిడ్డను మొదట ఆయన్నే పిలవనివ్వు నాయనా, ఆయనకు ఏ పేరు నోట వస్తే ఆ పేరుతో. నవ్వకండి.