తోలుబొమ్మలాటను రాత్రిపూట ఫొటోలు తీయడానికి 30 వేల లోపు ఏ ఫోన్ కొనాలి?

తెరముందు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శ్రీ సత్యసాయి జిల్లా. ధర్మవరం మండలం నిమ్మలకుంట కళాకారులు మా చుట్టుపక్కల ఊళ్లలో తోలుబొమ్మలాట ఆడినప్పుడల్లా వెళ్లి ఫొటోలు, చిన్న చిన్న వీడియోలు తీసి భద్రపరుస్తున్నాను. ఆటలు ఏటికేడాది తగ్గిపోతున్నాయి కాబట్టి ఆ బొమ్మల రంగులూ, వాటిని ఆడించేవారి చేతులూ ఉన్నవి ఉన్నట్టుగా నమోదు కావాలన్నది నా తపన.

ఇప్పుడు నా దగ్గరున్న పాత ఫోన్‌తో మూడు ఇబ్బందులు వస్తున్నాయి. తెర వెనుక బల్బు వెలుగుతున్నప్పుడు ఫొటోలో తెర మొత్తం సున్నం కొట్టిన గోడలా తెల్లబడిపోతోంది. బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసిపోతున్నాయి. నగల కోసం తోలులో పొడిచిన సన్నని రంధ్రాలు, అంటే దగ్గరగా చూస్తే వెలుగు చుక్కల్లా మెరిసేవి, అసలు కనిపించడమే లేదు. రెండోది, యుద్ధ ఘట్టాల్లో బొమ్మల చేతులు అలుక్కుపోతున్నాయి. మూడోది, తెర వెనుకకు వెళ్లి కళాకారులను తీస్తే చిత్రానికి అడ్డంగా నల్లని చారలు పడుతున్నాయి.

30 వేల రూపాయల వరకు పెట్టగలను. 200 మెగాపిక్సెళ్ల ఫోన్ తీసుకోమని ఒకరు, నైట్ మోడ్ బాగున్న ఫోన్ చాలని మరొకరు సలహా ఇస్తున్నారు. ఫ్లాష్ వేసే ప్రసక్తే లేదు, ఎందుకంటే ముందు నుంచి వెలుగు పడితే నీడ, రంగు రెండూ చచ్చిపోతాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

నీడలవేట

మీరు మూడు ఇబ్బందులనూ విడివిడిగా చెప్పడం మంచిదైంది, ఎందుకంటే వాటిలో ఒకదానికి మాత్రమే కొత్త ఫోన్ అవసరం. మిగిలిన రెండూ చాలావరకు అమరికలతో తీరేవే.

తెర తెల్లబడిపోవడానికి కారణం కెమెరా లోపం కాదు, దాని లెక్క. ఫోన్ తనంత తానుగా చిత్రం మొత్తం మీద వెలుగు సగటు చూసుకుంటుంది. మీరు దూరంగా కూర్చుని తీసినప్పుడు చిత్రంలో ఎక్కువ భాగం చీకట్లో ఉన్న జనమే కాబట్టి, ఆ చీకటిని వెలిగించబోయి తెరను మాడ్చేస్తుంది. తెర మీద బొమ్మ ఉన్న చోట వేలితో కాసేపు నొక్కి పట్టండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (చిత్రానికి అందే వెలుగు మోతాదు) రెండూ అక్కడే లాక్ అవుతాయి. తరువాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరుపుతూ పోతే ఒకచోట ఆ రంధ్రాలు ఒక్కొక్కటిగా తేలడం మీ కంటికే తెలుస్తుంది. అక్కడ ఆపండి. జనం చీకటిలో కలిసిపోయినా ఫర్వాలేదు, మీకు కావలసింది బొమ్మ.

నల్లని చారల సంగతి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చౌకరకం ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. అది కంటికి ఆనదు. ఫోన్ సెన్సర్ (వెలుగును పట్టి చిత్రంగా మార్చే చిప్పు) చిత్రాన్ని పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా చదువుతుంది కాబట్టి, షట్టర్ వేగం, అంటే ఒక్కో వరుస వెలుగును పట్టే సమయం, ఆ హెచ్చుతగ్గులతో పొసగకపోతే కొన్ని వరుసలు వెలుగులోనూ కొన్ని చీకటిలోనూ పడి చారలవుతాయి. షట్టర్‌ను సెకనులో 100వ వంతుకు గాని 50వ వంతుకు గాని బిగించి పెడితే ప్రతి వరుసకూ వెలుగు సమానంగా అందుతుంది, చారలు పోతాయి. కాబట్టి మీరు కొనబోయే ఫోన్‌లో షట్టర్ వేగాన్ని మీరే నిర్ణయించుకునే ప్రో మోడ్ ఉండి తీరాలి. నా దృష్టిలో మీ అవసరానికి ఇదే మొదటి షరతు.

ఇక బొమ్మల చేతులు అలుక్కుపోవడం. కొత్త ఫోన్ అవసరమయ్యేది ఇక్కడే, అమ్మేవారి మాటలకు మోసపోయేదీ ఇక్కడే. నైట్ మోడ్ అంటే ఫోన్ వరుసగా చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి మచ్చలు తగ్గించడం. 2018లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లకు నైట్ సైట్ తెచ్చిన నాటి నుంచి అందరూ అదే దారి పట్టారు. గుడి గోపురానికీ, ఖాళీ వీధికీ అది అద్భుతంగా పనిచేస్తుంది. కానీ హనుమంతుడి బొమ్మ తెరకు ఈ కొస నుంచి ఆ కొసకు దూకుతున్నప్పుడు ఏ రెండు ఫ్రేములూ కలవవు. చేయి రెండుగా కనిపిస్తుంది, లేదా ఆ భాగాన్ని ఫోన్ నున్నగా పులిమేస్తుంది. ఓఐఎస్ (ఫోన్ కదిలితే దానికి తగ్గట్టు లెన్స్‌ను సర్దే ఏర్పాటు) కూడా అంతే. అది మీ చేతి వణుకును ఆపుతుంది గాని బొమ్మ కదలికను ఆపలేదు. కదలికను ఆపేది వేగమైన షట్టర్ ఒక్కటే. వేగం పెంచితే వెలుగు తగ్గుతుంది కాబట్టి ఆ కొద్ది వెలుగునే ఎక్కువగా పట్టుకోగల పెద్ద సెన్సర్, వెడల్పైన లెన్స్ కావాలి.

అందువల్ల మెగాపిక్సెళ్లను పక్కన పెట్టి సెన్సర్ పరిమాణం చూడండి. మీ ధరలో ప్రధాన కెమెరాలు సాధారణంగా 1/1.56 అంగుళం, 1/1.95 అంగుళం అనే రెండు కొలతల దగ్గర ఉంటాయి. భిన్నంలో కింది అంకె తగ్గేకొద్దీ సెన్సర్ పెద్దది. మొదటి దాని వైశాల్యం రెండో దానికి ఒకటిన్నర రెట్లు. ఉదాహరణకు 2024 జులైలో వచ్చిన వన్‌ప్లస్ నార్డ్ 4 తక్కిన అన్నింట్లో మంచి ఫోనే అయినా దాని ప్రధాన సెన్సర్ 1/1.95 అంగుళమే; అంతకంటే తక్కువ ధరకు వచ్చిన నథింగ్ ఫోన్ 2ఎ లో 1/1.56 అంగుళం సెన్సర్ ఉంది. మీ పనికి నేను రెండో దాని వైపే మొగ్గుతాను.

దీపకాంతి

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతాను. తెర ముందు నుంచి తీసేవాటికి ఆ లెక్క సరిపోతుంది. తెర వెనుక కళాకారుల ముఖాలు తీసేటప్పుడు మాత్రం సెన్సర్‌తో సమానంగా ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్ కూడా ముఖ్యం. ముఖానికి ఒకవైపే బల్బు వెలుగు పడుతుంది, రెండోవైపు చిక్కని చీకటి. ఆ తేడాను చదును చేయకుండా, చామనఛాయ చర్మాన్ని తెల్లబరచకుండా చూపే విషయంలో నాకు గూగుల్ పిక్సెల్ ‘ఎ’ శ్రేణి ఫోన్లే నచ్చుతాయి. పిక్సెల్ 8ఎ సెన్సర్ 1/1.73 అంగుళం, అంటే పైన చెప్పిన రెండు కొలతలకూ నడుమ ఉంటుంది. కొత్తది మీ బడ్జెట్‌కు చిక్కేది కాదు. 2024 మేలో విడుదలైనప్పుడే దాని ధర 52,999 రూపాయలు. అమ్మకాల తగ్గింపులో గాని, నమ్మకమైన చోట వాడిన ఫోన్‌గా గాని దొరికితేనే ఆలోచించండి.

అయితే ఒక లోటు ఉంది. ఈ ‘ఎ’ శ్రేణిలో గూగుల్ సొంత కెమెరా యాప్ షట్టర్ వేగాన్ని మన చేతికి ఇవ్వదు. ఉచితంగా దొరికే ఓపెన్ కెమెరా యాప్‌తో ఆ పని జరుగుతుంది గాని, అప్పుడు గూగుల్ సాఫ్ట్‌వేర్ చేసే మెరుగుదల చాలావరకు పోతుంది. చారలు మీకు పెద్ద సమస్య అయితే ఈ లోటును తేలిగ్గా తీసుకోవద్దు.

రంగుల విషయం కూడా చెప్పాలి. వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగు ఛాయకు తగ్గట్టు రంగులు సరిచేసే అమరికను) ఫోన్‌కే వదిలేస్తే, ఎర్రని రావణుడి బొమ్మ తెర నిండా వచ్చినప్పుడు ఫోన్ ఆ ఎరుపును తగ్గించబోయి తెరకు నీలి ఛాయ తెస్తుంది, బొమ్మ పక్కకు తప్పుకోగానే తెర మళ్లీ పసుపుకు తిరుగుతుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను ఒకేచోట బిగించండి. పసుపు వెలుగు బల్బుకు 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు ఛాయకు కొలత) మధ్య సరిపోతుంది. ఎక్కడైనా పాత పద్ధతిలో ఆముదపు దీపం పెట్టి ఆడితే ఆ వెలుగు 1900 కెల్విన్ దగ్గర ఉంటుంది. చాలా ఫోన్ల అమరిక అంత కిందికి దిగదు కాబట్టి ఉన్నంతలో అతి తక్కువ అంకె పెట్టి, రా ఫైలు (ఫోన్ మార్పులు చేయని అసలు చిత్రం) కూడా దాచుకుంటే రంగు తరువాత సరిచేసుకోవచ్చు.

చివరివరుస

ప్రశ్న అడిగినవారు ఎంత దూరం నుంచి తీస్తారో చెప్పలేదు. జనం వెనుక నుంచి తీసేవారైతే జూమ్ గురించి కూడా ఆలోచించాలి, ఎందుకంటే ఈ ధరలో చీకటిపడ్డాక జూమ్ కెమెరా మాట అంతగా నమ్మదగింది కాదు.

2025 మార్చిలో వచ్చిన నథింగ్ ఫోన్ 3ఎ, 3ఎ ప్రో రెండింటినీ పోల్చి చూడండి. ప్రధాన కెమెరాలు దాదాపు సమానం. 3ఎ లోని రెండు రెట్ల జూమ్ కెమెరా సెన్సర్ 1/2.74 అంగుళం, ప్రధాన సెన్సర్‌లో మూడో వంతు వైశాల్యం మాత్రమే. 3ఎ ప్రోలో మూడు రెట్ల పెరిస్కోప్ (వెలుగును ఫోన్ లోపల పక్కకు మళ్లించే జూమ్) కెమెరా సెన్సర్ 1/1.95 అంగుళం, దానికి ఓఐఎస్ కూడా ఉంది, కానీ లెన్స్ ఎఫ్/2.55 (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ ద్వారం చిన్నది) కాబట్టి లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. సెన్సర్, లెన్స్ రెండూ లెక్కలోకి తీసుకుంటే ప్రధాన కెమెరాకు అందే వెలుగులో దానికి అందేది సుమారు మూడో వంతు. అయినా ప్రధాన కెమెరా చిత్రాన్ని మూడు రెట్లు కత్తిరిస్తే సెన్సర్‌లో తొమ్మిదో వంతే మిగులుతుంది కాబట్టి, ఆ జూమ్ కెమెరాయే నయం. విడుదల నాటికి 3ఎ ధర 24,999, ప్రో ధర 29,999. దూరం నుంచి తీసేవారికి ఆ 5 వేల తేడా దండగ కాదు.

కొనేముందు ఒక పరీక్ష తప్పక చేయండి. వెలుగు తగ్గగానే చాలా ఫోన్లు మనకు చెప్పకుండా జూమ్ కెమెరాను ఆపేసి, ప్రధాన కెమెరా చిత్రాన్నే కత్తిరించి చూపిస్తాయి. దుకాణంలో కౌంటరు కింద చీకటి మూలకు ఫోన్ తిప్పి, మూడు రెట్లు జూమ్ పెట్టి, జూమ్ లెన్స్‌ను వేలితో మూయండి. తెర నల్లబడితే నిజంగా ఆ లెన్సే పనిచేస్తున్నట్టు. చిత్రం కదలకుండా అలాగే ఉంటే మీరు జూమ్ కోసం పెట్టే డబ్బు చీకటిలో మీకు ఉపయోగపడదు. ప్రో మోడ్‌లో జూమ్ లెన్స్‌ను విడిగా ఎంచుకునే వీలుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

తెరముందు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఎక్స్‌పోజర్ లాక్ సంగతి నిన్న రాత్రి ఇంట్లోనే దుప్పటి వెనుక బల్బు పెట్టి ప్రయత్నించాను. పాత ఫోన్‌లో కూడా రంగు నిలిచింది. దూరం విషయానికి వస్తే, కళాకారులు పరిచయస్తులే కాబట్టి నేను తెరకు దగ్గరగానే కూర్చుంటాను, జూమ్ అరుదుగా వాడతాను. అయితే 200 మెగాపిక్సెళ్ల ప్రశ్న అలాగే మిగిలింది. రెడ్‌మి నోట్ 13 ప్రో ప్లస్ సెన్సర్ 1/1.4 అంగుళం అని చూశాను. ఇంకా పెద్దదే కదా, మరి అదెందుకు ఎవరూ చెప్పలేదు? వీడియోకు ఏం చూడాలో కూడా చెబితే మేలు.

నీడలవేట

మీరు చూసింది నిజమే. ఆ సెన్సర్ పెద్దది, లెన్స్ కూడా ఎఫ్/1.65, అంటే కాగితం మీద నథింగ్ ప్రధాన కెమెరా కంటే వెలుగు ఎక్కువే పట్టుకుంటుంది. కాబట్టి తక్కువ ధరకు దొరికితే దాన్ని పక్కన పెట్టనవసరం లేదు. నేను కాదన్నది 200 అనే అంకెను చూసి కొనడాన్నే. ఆ ఫోన్ మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల చిత్రం ఇస్తుంది; 50 మెగాపిక్సెళ్ల ఫోన్ నాలుగింటిని కలిపి అదే 12.5 ఇస్తుంది. చీకటిలో 200 మోడ్ పెడితే ఒక్కో చిన్న పిక్సెల్‌కు అందే వెలుగు చాలక మచ్చలే మిగులుతాయి. రాత్రి ఆటలో ఆ మోడ్ జోలికి పోవద్దు.

పోల్చడానికి ప్రకటనల్లోని చిత్రాలు కాకుండా, జీఎస్ఎమ్ అరీనా వంటి సమీక్షా సైట్లు పెట్టే అసలు ఫైళ్లను దించుకుని వాటి వివరాలు తెరిచి చూడండి. రాత్రి చిత్రం ఎంత అందంగా ఉన్నా షట్టర్ వేగం 10వ వంతు అని ఉంటే అది కదలని భవనానికే పనికొస్తుంది. 50వ వంతు, 100వ వంతు వేగంతో తీసినవి వెతికి, నగిషీలు, జాలీలు, ఆకులు ఉన్నచోట పెద్దవి చేసి చూడండి. అక్కడ వివరం నిలిచిన ఫోన్‌లోనే మీ బొమ్మల రంధ్రాలు నిలుస్తాయి. నున్నగా పులిమేసినట్టు ఉంటే ఆ ఫోన్ వద్దు.

వీడియోలో ఫ్రేములను ఆగి పేర్చుకునే తీరిక ఉండదు కాబట్టి నైట్ మోడ్ మీద ఆశ పెట్టుకోవద్దు. సెకనుకు 30 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు పెట్టుకోండి. 60 ఫ్రేములు పెడితే షట్టర్ 50వ వంతు కుదరదు, చారలు రాకుండా 100వ వంతు పెట్టాలి కాబట్టి వెలుగు సగానికి పడిపోతుంది. వీడియోలో కూడా షట్టర్ బిగించే వీలు కొన్ని ఫోన్లలోనే ఉంటుంది, దుకాణంలోనే ప్రో వీడియో తెరిచి చూసుకోండి. లేకపోతే సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్‌ను 50 హెర్ట్జ్ మీద పెడితే చారలు చాలావరకు తగ్గుతాయి.

దగ్గర కూర్చుని తీస్తానన్నారు కాబట్టి నా మాట నథింగ్ 3ఎ, లేదా ధర కలిసొస్తే ఆ రెడ్‌మి. రెండింటి రాత్రి ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూసి తేల్చుకోండి.

దీపకాంతి

ఫోన్ ఏదైనా సరే, కొన్న రోజు దుకాణంలో కెమెరా మీద అంటించే గాజు రక్షణను వద్దనండి. వెలిగే బల్బు ఎదురుగా ఉన్నప్పుడు ఆ అదనపు గాజు వల్ల చిత్రంలో ఆకుపచ్చ చుక్కలు, పొగమంచు లాంటి తెలుపు పెరుగుతాయి, మీకేమో బల్బు ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. లెన్స్ మీద వేలి జిడ్డు ఉన్నా బల్బు నుంచి గీతలు సాగుతాయి కాబట్టి ఆట మొదలయ్యే ముందు మెత్తని నూలు గుడ్డతో తుడవండి. అయినా ఆకుపచ్చ చుక్క కనిపిస్తే, బల్బు తెర వెనుక బొమ్మ తలకు సరిగ్గా వెనుకవైపు వచ్చేలా మీరు ఒక అడుగు పక్కకు జరగండి.