ఆలాపల్లి టేకు పక్కన ఉండగా అతుకుల చెక్క నేల ఎందుకు?

ప్రాణహిత ఒడ్డు:
సిరొంచలో ఇల్లు కడుతున్నాను. మేడ మీద రెండు గదులకు చెక్క నేల కావాలని మా అమ్మాయి పట్టు. దుకాణదారు ఇంజనీర్డ్ చెక్క చూపించి, పర్యావరణానికి ఇదే మేలన్నాడు. పైన 3 మిల్లీమీటర్ల టేకు పొర, కింద ప్లైవుడ్. ఆలాపల్లి టేకు చూస్తూ పెరిగిన నాకు ఇది నకిలీ సరుకులా ఉంది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
నకిలీ కాదండీ. 18 మిల్లీమీటర్ల నిండు పలక పరిచినా కాలికి తగిలేది పైభాగమే. అదే దుంగను 3 మిల్లీమీటర్ల పొరలుగా తీస్తే ఆరు రెట్ల నేల వస్తుంది. టేకు చేవ పట్టడానికి యాభై అరవై ఏళ్లు కావాలి. అడుగున వాడే జామాయిల్ నాలుగైదేళ్లలో కోతకొస్తుంది. పైగా ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, తరువాతిది అడ్డంగా ఉంటుంది కాబట్టి వానకు ఉబ్బడం, ఎండకు కుంచించుకుపోవడం తక్కువ.

బాడిస:
మాస్టారూ, ఆరు రెట్లు కాగితం మీదే. నేను వడ్రంగిని. రంపంతో కోస్తే ప్రతి కోతకూ ఒకటిన్నర మిల్లీమీటరు పొట్టు కింద పోతుంది. అప్పుడు మిగిలేది నాలుగు రెట్లకు కాస్త పైన. కత్తితో చీరితే పొట్టు రాదు, కానీ అలా తీసే పొర తరచుగా ఇంకా పలచన. దాన్ని ఒక్కసారి గీకి పాలిష్ పెడితే ప్లైవుడ్ బయటపడుతుంది. నిండు టేకును చాలాసార్లు చిత్రిక పట్టవచ్చు. పదిహేనేళ్లకు పీకి పారేస్తే అడవికి ఏం మిగిలినట్టు?

గోదావరి కోడలు:
జిగురు మాట ఎవరూ ఎత్తరేమి? ప్లైవుడ్‌లో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. వేడి, తేమ పెరిగితే అది ఎక్కువగా వెలువడుతుంది. మన మే నెల సంగతి చెప్పాలా! కొనేవాళ్లు కనీసం ఇ1 గుర్తు, అంటే ఫార్మాల్డిహైడ్ తక్కువగా వెలువడుతుందని చెప్పే గుర్తు, ఉందో లేదో చూడండి.

నల్లబండ:
ఈ ఎండలో చెక్క నేలా? తాండూరు నాపరాయి పరిచి హాయిగా పడుకోండి.

లెక్కల మాస్టారు:
నాపరాయికి చెట్టు అక్కరలేదు, నిజమే. కానీ ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కర్బనమే. నేలగా ఉన్నంత కాలం అది గాలిలో కలవదు. తగలబెట్టిన రోజున తిరిగి పోతుంది. అందుకే బాడిస గారి పదిహేనేళ్ల మాట నన్ను ఇబ్బంది పెడుతోంది. పొర 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా కొనమని సవరించుకుంటున్నాను.

బాడిస:
ప్రాణహిత అన్నా, పాత ఇంటి దూలాలు ఏం చేశారు?

ప్రాణహిత ఒడ్డు:
పశువుల కొట్టంలో పడున్నాయి. ఏడు. తాతగారి కాలపు టేకు.

బాడిస:
మరి కొత్త చెట్టు గొడవ ఎందుకు? వాటినే పొరలుగా కోయించి ప్లైవుడ్ మీద అతికించండి. ముందు మేకులన్నీ పీకించండి, లేకపోతే రంపం బ్లేడు ఖర్చు మీదే. మిల్లుకు తోలేముందు అటవీ శాఖ వాళ్లను అడగండి. పాత కలపైనా దారిలో ఆపితే తలనొప్పి.

ప్రాణహిత ఒడ్డు:
ఇప్పుడే చూసి వచ్చాను. రెండింటిని చెద తినేసింది. మిగిలిన అయిదు ఒక గదికి సరిపోవచ్చు. రెండో గదికి నాపరాయి అన్నాను. అమ్మాయి అన్నం మానేసి కూర్చుంది.