అప్‌డేట్: చంద్రగిరి వైపు సైకిల్ టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే విడిగా బయలుదేరే రేసు), చిప్ లేకుండా టైమింగ్

గీత దాటగానే టైమ్ దానంతటదే నమోదు చేసే చిప్‌లకు డబ్బుల్లేని సైకిల్ సంఘం రేసులో టైమ్ ఎలా పట్టాలని అడిగాను కదా. మీరు చెప్పిన ఒకే గడియారం పద్ధతే ఖాయం చేశాం.

గడియారం మొదలైన 1వ నిమిషానికి 1వ నంబర్, 2వ నిమిషానికి 2వ నంబర్ బయలుదేరాలి. గడియారం చివరిదాకా ఆగదు. ముగింపు సమయంలోంచి నంబర్ అన్ని నిమిషాలు తీసేస్తే చాలు: 14వ నంబర్ 47:20కి గీత దాటితే అసలు టైమ్ 33:20. 20 కిలోమీటర్లకు అది గంటకు 36 కిలోమీటర్ల వేగం. రాని వాళ్ల నిమిషం ఖాళీగా వదిలేయాలి. దాన్ని వెనకవాళ్లకు ఇచ్చారా, అక్కణ్ణుంచి లెక్కంతా తప్పే. ఆలస్యంగా వచ్చినవాళ్లకూ కేటాయించిన నిమిషం నుంచే లెక్క.

గీత దగ్గర ఒకరు నంబర్ కేకేయాలి, ఇంకొకరు రాయాలి. గీతకు ఎదురుగా స్టాండు మీద ఫోన్ వీడియో నడుస్తూ ఉండాలి. ఇద్దరు కలిసి వస్తే అదే దిక్కు. నంబర్ గుడ్డకు నాలుగు మూలలా పిన్నులు తప్పనిసరి. రెండే పెడితే గాలికి మడతపడి 16 కాస్తా 1లా కనిపిస్తుంది.

అసలు భయం రేసు వెనక్కి తిరిగే యూ-టర్న్ దగ్గర, ఇసుకలో సైకిల్ జారుతుందని. ముందురోజు సాయంత్రం కాదు, రేసు పొద్దున్నే చీపురుతో ఇసుక ఊడవండి. రాత్రి లారీలు మళ్లీ తెచ్చి పోస్తాయి. అక్కడి మనిషి దాటిన ప్రతి నంబరూ రాసుకోవాలి, మధ్యలో తిరిగొచ్చినవాళ్లు దొరికేది ఆ కాగితంలోనే.

శనివారం మాత్రం వద్దు, తిరుమల కొండకొచ్చే బండ్లు ఎక్కువ.