ప్రెస్‌మీట్‌లో చెప్పిన అబద్ధం నేరమవుతుందా? చటాన్‌పల్లి మీద చర్చ

పాలమూరు పాఠకుడు:
2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల కోసం తీసుకెళ్తే తుపాకులు లాక్కుని దాడి చేశారని, ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ కథనాన్ని నమ్మలేదు. చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని చెప్పింది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా తేల్చింది. 2022 మేలో నివేదిక బయటికొచ్చింది. కాల్పుల సంగతి అలా ఉంచండి. ఆ రోజు దేశమంతా విన్న మాటలు అబద్ధమైతే, ఆ అబద్ధానికి ఏ సెక్షన్ వర్తిస్తుంది?

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
అన్నా, ఆ పిల్లకి జరిగింది గుర్తుందా మీకు? ఆ రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు. వాళ్ళంతా పిచ్చివాళ్ళా? మన కోర్టుల్లో కేసు ఎన్నేళ్ళు సాగుతుందో తెలిసే చల్లారు. పోలీసుల ప్రతి మాటనీ అనుమానిస్తే రేపు ఏ ఆడపిల్ల స్టేషన్ గడప ఎక్కుతుంది?

సివిల్ కోర్టు వకీలు:
అక్కా, మీ కోపంలో న్యాయముంది. కానీ పాలమూరు అన్న అడిగింది వేరే.

మన చట్టంలో అబద్ధమాడటమే నేరం కాదు. ఎక్కడ, ఎవరి ముందు, ఏ బాధ్యతతో చెప్పారన్నది లెక్క. ప్రెస్‌మీట్‌లో మైకు ముందు ఎవరూ ప్రమాణం చేయరు కాబట్టి ఆ మాట తప్పుడు సాక్ష్యం కిందికి రాదు. అదే మాట కోర్టులో అఫిడవిట్‌గా వేసినా, బోనెక్కి చెప్పినా పాత శిక్షాస్మృతి ఐపీసీ సెక్షన్ 193, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 229 ప్రకారం ఏడేళ్ళ దాకా జైలు. ఒకరిని శిక్ష నుంచి తప్పించాలని అధికారి రికార్డు తప్పుగా రాస్తే పాత ఐపీసీ 218 ఉంది.

పాలమూరు పాఠకుడు:
అయితే కమిషన్ ముందు చెప్పినవి?

సివిల్ కోర్టు వకీలు:
అసలు కిటుకు అక్కడే. విచారణ కమిషన్ల చట్టం, 1952, సెక్షన్ 6 చదవండి. కమిషన్ ముందు సాక్షి చెప్పిన మాటను అతని మీదే మరో కేసులో వాడటానికి లేదు. ఒక్క మినహాయింపు, అతను తప్పుడు సాక్ష్యం చెప్పాడన్న కేసు. అంటే నిజం చెప్పినవాడికి రక్షణ, అబద్ధం చెప్పినవాడికి లేదు. ఇంత మంచి నిబంధన ఉండీ వాడకపోవడమే నా బాధ. కోర్టులో చెప్పిన అబద్ధం మీద కూడా మీరూ నేనూ నేరుగా కేసు పెట్టలేం. ఫిర్యాదు ఆ కోర్టు నుంచే రావాలి. ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు గానీ, న్యాయం కోసం అవసరమని జడ్జికి అనిపించాలి.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
మరి ఫేస్‌బుక్‌లో ఎన్‌కౌంటర్లన్నీ బూటకమని రాసేవాళ్ళ సంగతేంటి? వాళ్ళవి అబద్ధాలు కావా? వాళ్ళకి మాత్రం ఏ శిక్షా లేదా?

సివిల్ కోర్టు వకీలు:
పుకార్లు పుట్టించి జనాన్ని భయపెట్టాలని, రెచ్చగొట్టాలని చూస్తే బీఎన్ఎస్ 353 ఉంది. కానీ ఆ సెక్షన్‌లోనే మినహాయింపూ ఉంది. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశం లేకుండా చెబితే నేరం కాదు. సందేహం అడగడం అబద్ధం చెప్పడమెలా అవుతుంది అక్కా? చటాన్‌పల్లిని మొదటి రోజు అనుమానించినవాళ్ళను అప్పట్లో దేశద్రోహులన్నారు. కమిషన్ తేల్చింది చూశారుగా.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
కమిషన్ చెబితే తీర్పు కాదు. ఆ నివేదికను పోలీసు అధికారులు హైకోర్టులో సవాలు చేశారు.

పాలమూరు పాఠకుడు:
అవునక్కా, తీర్పు కాదు. అందుకే కోర్టులో విచారణ జరగాలంటున్నా. అక్కడ ప్రమాణం చేసి చెప్పాలి, ఎదుటి వకీలు అడ్డప్రశ్నలు వేస్తాడు. పోలీసులది నిజమైతే అక్కడే నిలబడుతుంది. ఎన్‌కౌంటర్ మరణాల్లో ఎఫ్ఐఆర్, వేరే సంస్థతో లేదా వేరే స్టేషన్‌తో దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరని 2014లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఇకమీదట ఏ ఎన్‌కౌంటర్ వార్త వచ్చినా నేను ప్రెస్‌మీట్ చూడను. ఎఫ్ఐఆర్ ఎవరి మీద కట్టారో అడుగుతా.