పాత ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం మన సీమ ఎండల్లో లాభమేనా?

డీటీపీ, కర్నూలు:
కర్నూలులో నాకు చిన్న డీటీపీ సెంటరు ఉంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో చేస్తాము; ఫ్లెక్సీ బ్యానర్లకు ఫోటోషాప్ 7 వాడుతాము. సిస్టంలో ఇంటెల్ ఐ5-2400 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, ఒకే స్టిక్‌గా 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు, 32 బిట్ విండోస్ 7 ఉన్నాయి. పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరుచుకునేలోపు ఎదురుగా కూర్చున్న కస్టమరుకు టీ తెప్పించవలసి వస్తోంది. తెలిసినవారొకరు ఐ5-2500కే (2500K) ప్రాసెసర్‌ను జెడ్77 బోర్డుతో సహా సెకండ్ హ్యాండ్‌లో ఇస్తామంటున్నారు. దానిని ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే తయారీదారు పెట్టిన వేగానికి మించి నడిపితే, కొత్త సిస్టంకు తీసిపోదని వారి వాదన. మరొకరు ఉన్న బోర్డులోనే ఐ7-3770 వేసుకోమంటున్నారు. పాత సరుకు మీద రూపాయి పెట్టినా దండగేనని మా తమ్ముడి పట్టు. తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరు.

ఇంజనీరింగు విద్యార్థి, కడప:
నా ఓటు 2500కే వైపే. 2011 జనవరిలో వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరంలో మల్టిప్లయర్‌కు (బేస్ క్లాక్‌ను గుణించి ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే అంకెకు) తాళం లేకుండా వచ్చిన చిప్పులలో ఇది ఒకటి. అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్, మంచి టవర్ కూలర్ పెడితే ఎక్కువ చిప్పులు 4.4 వరకు సులభంగా వెళ్తాయి. అంటే 33 శాతం వేగం ఉచితంగా వచ్చినట్లే. పైగా ఈ తరంలో చిప్పుకూ పైమూతకూ మధ్య సోల్డర్ వేశారు కనుక వేడి త్వరగా బయటికి వస్తుంది. తరువాతి ఐవీ బ్రిడ్జ్‌లో, అంటే మీకు చెప్పిన 3770లో, సోల్డర్‌కు బదులు పేస్టు పెట్టి పొదుపు చేశారు. నా సిస్టం 4.4 దగ్గర చాలాకాలంగా నడుస్తోంది, సినీబెంచ్ (ప్రాసెసర్ వేగాన్ని కొలిచే ప్రోగ్రాము) స్కోరు కూడా అందుకు తగ్గట్టే వస్తోంది.

సిస్టం సర్వీసు, అనంతపురం:
కడప తమ్ముడు చెప్పిన 33 శాతం కాగితం మీది లెక్క. 2500కే ఎప్పుడూ 3.3 దగ్గర ఆగి ఉండదు. టర్బో వల్ల నాలుగు కోర్లూ (చిప్పులో విడివిడిగా పనిచేసే భాగాలు) పనిలో ఉన్నప్పుడు 3.4కు, ఒక్క కోరు మాత్రమే పనిచేస్తున్నప్పుడు 3.7కు తనంతట తానే వెళ్తుంది. కాబట్టి 4.4కు పెంచితే అసలు లాభం నాలుగు కోర్ల పనిలో 29 శాతం, ఒక కోరు పనిలో 19 శాతం. పేజ్‌మేకర్ లాంటి పాత ప్రోగ్రాములు ప్రధానంగా ఒకే కోరు మీద ఆధారపడతాయి కనుక కర్నూలు వారికి దక్కేది రెండో అంకె.

ఇది ఉచితం కూడా కాదు. ప్రాసెసర్ పని చేస్తున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. ఉదాహరణకు 1.2 వోల్టుల దగ్గర నడిచే చిప్పును 4.4 దగ్గర నిలబెట్టడానికి 1.35 ఇచ్చారనుకుందాం. వేగం 1.29 రెట్లు, వోల్టేజీ వర్గం 1.27 రెట్లు, రెండింటినీ గుణిస్తే 1.64. అంటే 29 శాతం పని కోసం అరవై శాతం పైగా అదనపు వేడి. ఆ వేడినంతా కూలర్ గదిలోకే వదలాలి.

మన దగ్గర చిక్కు అక్కడే మొదలవుతుంది. కూలర్ చిప్పును గదిలోని గాలికన్నా చల్లబరచలేదు. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే పరీక్షలు చాలావరకు 22, 25 డిగ్రీల గదులలో చేసినవి. అక్కడ 72 డిగ్రీలు చూపించిన చిప్పు, మే నెలలో షట్టరు తెరిచి పెట్టిన మన దుకాణంలో, గదే 40 డిగ్రీలున్న మధ్యాహ్నం, 87 దాటుతుంది. దానికి తోడు రోడ్డు పక్క దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకున్నదంటే ఇంకో నాలుగైదు డిగ్రీలు. 2500కే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునే హద్దు 98 డిగ్రీల ప్రాంతంలో ఉంది. ఆ హద్దును తాకిన చిప్పు 4.4 అని సెట్టింగులో చూపిస్తూనే లోపల అంతకన్నా తక్కువ వేగంతో నడుస్తుంది. కనుక జనవరి రాత్రి ఒక్కసారి నడిపిన సినీబెంచ్ స్కోరును నేను లెక్కలోకి తీసుకోను.

అన్నిటికన్నా ముఖ్యంగా, కర్నూలు వారి సిస్టం ఎదురుచూస్తున్నది ప్రాసెసర్ కోసమే అని ఎవరు తేల్చారు? పది అడుగులు, ఆరు అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన చేస్తే 8640, 5184 పిక్సెళ్లు అవుతుంది. నాలుగు రంగుల సీఎంవైకేలో ఒక్క నిండు లేయరుకే దాదాపు 179 ఎంబీ. నాయకుడి ఫోటో, వెనుక మేఘాలు, చుట్టూ పది మంది అనుచరులు అంటూ లేయర్లు పెరిగితే 4 జీబీ ర్యామ్ చాలక ఫోటోషాప్ హార్డ్ డిస్కు మీద పడుతుంది. అక్కడ ప్రాసెసర్ 3.4 అయినా 4.4 అయినా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

ఇంజనీరింగు విద్యార్థి, కడప:
సర్వీసు అన్నగారి టర్బో లెక్కను ఒప్పుకుంటాను, కానీ ర్యామ్ మాటలో ఒక మెలిక ఉంది. ఫోటోషాప్ 7 ఎంత ర్యామ్ ఉన్నా 2 జీబీకి మించి వాడుకోలేదు. విండోస్ మీద 64 బిట్ ఫోటోషాప్ 2008లో సీఎస్4తో గాని రాలేదు. 32 బిట్ విండోస్ ఉన్నంతవరకు 8 జీబీ వేసినా సగం కంటికి కూడా కనబడదు. కాబట్టి ర్యామ్ పెంచమని సలహా ఇస్తే ఆయన డబ్బు వృథా. ఇక ఎండ సంగతి: ఓవర్‌క్లాక్ అంటే తప్పనిసరిగా 1.35 వోల్టులే అని లేదు. వోల్టేజీని దాదాపు ముట్టుకోకుండా 4.0 దగ్గర ఆపితే అరవై శాతం వేడి ఎక్కడిది? వేసవిలో ఒక ప్రొఫైలు, చలికాలంలో ఒక ప్రొఫైలు బయోస్‌లో (బోర్డు సెట్టింగులు ఉండే ప్రోగ్రాములో) దాచుకునే వీలు చాలా జెడ్77 బోర్డులలో ఉంది. హెచ్61లో ఆ స్వేచ్ఛ అసలే లేదు. అందులో 2500కే వేసినా మల్టిప్లయర్ కదలదు. శాండీ బ్రిడ్జ్‌లో 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌కే మిగతా బస్సులు కూడా ముడిపడి ఉన్నాయి కనుక ఆ దారిలో నాలుగైదు శాతం మించి లాగలేము.

వీడియో మిక్సింగ్, ప్రొద్దుటూరు:
పెళ్లి వీడియోలు చేసేవాడిగా ఒక్క మాట. మా పనిలో ఎక్స్‌పోర్టు సమయంలో కోర్లన్నీ నిండిపోతాయి కనుక ఎనిమిది థ్రెడ్ల (ఒకేసారి ఎనిమిది పనులు నడిపే) 3770 తేడా స్పష్టంగా చూపిస్తుంది. అయినా డ్రాఫ్టు కాపీలకు నేను ప్రాసెసర్‌ను కష్టపెట్టను. శాండీ బ్రిడ్జ్ నుంచి చిప్పులోనే ఉన్న, వీడియోను త్వరగా తయారుచేసే క్విక్ సింక్ వాడుతాను. నాణ్యత కొంచెం తగ్గినా కస్టమరు ముందుగా చూసుకోవడానికి అది చాలు. హెచ్61లో, జెడ్77లో అది పనిచేస్తుంది, పీ67లో పనిచేయదు. డీటీపీకి మాత్రం ఈ ఎనిమిది థ్రెడ్లతో ఏం పనో నాకు అర్థం కాలేదు.

ఆఫీసు ఉద్యోగి, కడప:
కర్నూలు వారి తమ్ముడి మాటలో న్యాయం లేదా? విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. ఈ చిప్పులలో ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఆదేశాల సముదాయం కూడా లేదు కనుక అది తప్పనిసరిగా కోరే కొత్త ప్రోగ్రాములు వీటిమీద తెరుచుకోవు.

సిస్టం సర్వీసు, అనంతపురం:
పేజ్‌మేకర్ 7 వాడేవారికి ఏవీఎక్స్2 అక్కరలేదు. మద్దతు సంగతి మాత్రం నిజం. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులు, వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు నేరుగా ఈ సిస్టంలో తెరవకూడదు. వాటికి వేరే సిస్టం ఉండాలి.

కడప తమ్ముడు చెప్పిన 2 జీబీ హద్దును నేను కాదనను. అయితే ఆ హద్దు దాటినదంతా ఎక్కడికి వెళ్తుంది? స్క్రాచ్ డిస్కుకే, అంటే ఫోటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్కు జాగాకే. అందుకే ముందు కొనవలసింది ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగవంతమైన డిస్కు). హెచ్61లో ఉన్నది సెకనుకు 3 గిగాబిట్ల సాటా (డిస్కును బోర్డుకు కలిపే దారి) కనుక సెకనుకు 300 ఎంబీలోపే ఆగిపోతుంది. ఆగినా, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను చదవడంలో హార్డ్ డిస్కుకూ దీనికీ పోలికే లేదు. 4.0 దగ్గర ఆపడం తెలివైన పనే. కానీ అప్పుడు ఒక కోరు లాభం 3.7 మీద 8 శాతమే. అదే 3770 ఏ ఓవర్‌క్లాకూ లేకుండా ఒక కోరుకు 3.9 వెళ్తుంది, ఒక్కో గిగాహెర్ట్జ్‌కు కొద్ది శాతం ఎక్కువ పని చేస్తుంది, 77 వాట్ల చిప్పు కనుక లోపల పేస్టు ఉన్నా ఇబ్బంది పెట్టదు. ఆ 8 శాతం కోసం బోర్డు, కూలర్ మార్చడం, ఎంతకాలం ఎంత వోల్టేజీ తిన్నదో తెలియని సెకండ్ హ్యాండ్ కే చిప్పును నమ్మడం దుకాణం నడిపేవారికి తగదని నా అభిప్రాయం. చదువుకునే పిల్లలు సరదాకు చేసుకుంటే అది వేరు.

ఇంజనీరింగు విద్యార్థి, కడప:
సరదా అని తీసిపారేయకండి అన్నగారూ. హెచ్61లో ర్యామ్ స్లాట్లు రెండే, సాటా పాతదే. జెడ్77లో 6 గిగాబిట్ల సాటా, యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే ఉన్నాయి. ఓవర్‌క్లాక్ చేయకపోయినా ఆ బోర్డు విలువ ఆ బోర్డుకు ఉంది. ధర సరిగా ఉంటే నేను ఇప్పటికీ దానినే తీసుకోమంటాను.

డీటీపీ, కర్నూలు:
ముందుగా ఎస్‌ఎస్‌డీ వేస్తాను. ఆ తరువాత ప్రాసెసర్ మార్చాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి? ఏ బెంచ్‌మార్క్ నడపాలి?

సిస్టం సర్వీసు, అనంతపురం:
మీ అసలు ఫ్లెక్సీ ఫైలే మీకు బెంచ్‌మార్క్. ఎస్‌ఎస్‌డీకి ముందు, తరువాత, అదే ఫైలు తెరవడం, ఒక పెద్ద బ్లర్ వేయడం, సేవ్ చేయడం విడివిడిగా ఫోనులో టైమరు పెట్టి కొలవండి. ప్రతిసారీ సిస్టం రీస్టార్ట్ చేయండి, లేకపోతే రెండోసారి ఫైలు ర్యామ్ నుంచే వచ్చి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ వేశాక తెరవడం, సేవ్ తగ్గి, బ్లర్ మాత్రం అలాగే ఉంటే అప్పుడు ప్రాసెసర్ మాట ఆలోచించవచ్చు. ఏది కొలిచినా మధ్యాహ్నం రెండింటికి కొలవండి. 3770 వైపే మొగ్గితే, మీ బోర్డు తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో అది ఉన్నదో లేదో ముందు చూసుకుని, బయోస్ అప్‌డేట్‌ను పాత 2400 బోర్డులో ఉండగానే పూర్తి చేయండి; పాత బయోస్‌తో కొత్త చిప్పు లేవకపోవచ్చు. ఆ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డే పోతుంది కాబట్టి, యూపీఎస్ బ్యాటరీ సరిగా నిలబడుతున్నదో లేదో పరీక్షించకుండా మొదలుపెట్టవద్దు.