అప్‌డేట్: ఫైబ్రోమయాల్జియాకు ప్రీగాబాలిన్ పడలేదు, డులోక్సెటిన్ పనిచేసింది

ఫైబ్రోమయాల్జియాకు (ఒళ్లంతా చాలాకాలం నొప్పులుండే జబ్బు) ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు వాడితే పాదాలు వాచి పగలంతా మగతగా ఉంటోందని, వేరే మందులేమున్నాయని ఇదివరకు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. రుమటాలజిస్టును (కీళ్లు, కండరాల జబ్బుల డాక్టరును) కలవమన్న సలహాయే అక్కరకొచ్చింది.

ఆయన కీళ్లన్నీ నొక్కి చూసి, ఇది కీళ్లవాతం కాదని, నొప్పి సంకేతాలకు నాడీవ్యవస్థే అతిగా స్పందిస్తోందని వివరించి, ప్రీగాబాలిన్‌ను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తూ, డిప్రెషన్‌కు వాడే డులోక్సెటిన్‌ను 30 మి.గ్రా.తో మొదలుపెట్టి 60కి పెంచారు. డిప్రెషన్ మందు నాకెందుకని అడిగితే, అమెరికాలో 2008 నుంచే దీనికి ఫైబ్రోమయాల్జియా చికిత్సకూ ఆమోదం ఉందన్నారు. తొలిరోజుల్లో వికారం బాగా ఇబ్బంది పెట్టింది గాని, టిఫిన్ తిన్నాక వేసుకోవడంతో సర్దుకుంది. పాదాల వాపు తీసింది. నొప్పి పూర్తిగా పోలేదు. అయినా ఇప్పుడు చపాతీ పిండి నేనే కలుపుకోగలుగుతున్నాను.

కొందరు అనుమానించిన థైరాయిడ్, విటమిన్ డి పరీక్షల్లో తేడా ఏమీ లేదు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఈ జబ్బుకు పెద్దగా పనిచేయవని ఆపించారు. ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు వాడుతున్నవారు మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, డులోక్సెటిన్‌తో అది కలిస్తే ప్రమాదం కావచ్చు.